రిటైర్డ్ పైలట్ల మాటను లెక్కలోకి మార్చడం: ఒక ఎఫ్-16 సిమ్యులేషన్ కేస్ స్టడీ

ఫైటర్ నడిపిన మనిషిని సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి "ఎలా ఉంది సర్?" అని అడిగితే "బాగానే ఉంది, కానీ ముక్కు కాస్త తేడాగా ఉంది" అంటారు. ఆ మాటలో విలువైన సమాచారం ఉంది, కానీ అది ఇంకా పనికొచ్చే రూపంలో లేదు. దాన్ని సెకన్లు, డిగ్రీలు, నాట్లుగా ఎలా మార్చాలి, మార్చాక ఏ ఫైల్‌లో ఏ సంఖ్య ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు అన్నదే ఈ కేసు. విమానం ఎఫ్-16. పరికరం కదలని కుర్చీ, కుడివైపు సైడ్ స్టిక్, ఎడమవైపు థ్రాటల్, పెడల్స్, మూడు మానిటర్లు.

ఎఫ్-16నే తీసుకోవడానికి కారణం, దీని విండ్ టన్నెల్ (గాలి సొరంగంలో కొలిచిన) డేటా బహిరంగంగా ఉండటం. 1979లో వచ్చిన నాసా టెక్నికల్ పేపర్ 1538లో ఆల్ఫా, అంటే యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురొచ్చే గాలికీ విమానానికీ మధ్య కోణం), మైనస్ 20 నుంచి 90 డిగ్రీల దాకా పట్టికలున్నాయి. దాన్ని కుదించి మైనస్ 10 నుంచి 45 డిగ్రీలకు తెచ్చిన రూపం ఇంజనీరింగ్ తరగతుల్లో విరివిగా వాడుతున్నారు. మొదలుపెట్టడానికి కుదించిన రూపం చాలు. కానీ అందులో రెక్క ముందంచు ఫ్లాప్ విడిగా ఉండదు. ఆ లోపం ఎక్కడ బయటపడుతుందో తర్వాత చెబుతాం.

పైలట్‌ను పిలిచే ముందు

మోడల్ లెక్క తప్పుగా ఉండగా పైలట్‌ను పిలిస్తే మొదటికే మోసం వస్తుంది. తప్పుల మీద తప్పులు పేరుకుని ఉంటే ఆయన చెప్పే మాట దేని గురించో తెలియదు. అందుకే ముందు మూల సంఖ్యలు సరిచూసుకోవాలి. రెక్క వైశాల్యం 300 చదరపు అడుగులు, రెక్కల విస్తారం 30 అడుగులు, సగటు కార్డ్ (రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా దూరం) 11.32 అడుగులు. బరువు 20,500 పౌండ్లు, అంటే దాదాపు 9,300 కిలోలు. జడత్వాలు స్లగ్-చదరపు అడుగుల్లో రోల్‌కు (పక్కకు దొర్లడం) 9,496, పిచ్‌కు (ముక్కు పైకీ కిందికీ కదలడం) 55,814, యా దిశకు (ముక్కు పక్కలకు తిరగడం) 63,100, రోల్-యా కలిపి 982. ఇంజన్ తిరుగుడు నుంచి వచ్చే కోణీయ ద్రవ్యవేగం 160 స్లగ్-చదరపు అడుగులు/సెకను. చాలామంది దీన్ని వదిలేస్తారు. వదిలేస్తే గట్టిగా లాగినప్పుడు ముక్కు పక్కకు జరిగే చిన్న ధోరణి మాయమవుతుంది.

ఇక్కడ పదేపదే దొర్లే తప్పులు రెండు. పిచ్ డ్యాంపింగ్‌ను (ముక్కు ఊగడాన్ని అణిచే ప్రభావాన్ని) పిచ్ రేటును కార్డ్‌తో గుణించి, రెండు రెట్ల వేగంతో భాగించి లెక్కకట్టాలి. రోల్ ఫార్ములాను కాపీ చేసి కార్డ్ బదులు రెక్కల విస్తారం పెట్టేస్తే పిచ్ డ్యాంపింగ్ ఒక్కసారిగా 2.65 రెట్లు అవుతుంది. అప్పుడు పైలట్ "ముక్కు బరువుగా ఉంది" అంటారు, టీమ్ స్టిక్ గెయిన్ (స్టిక్‌కు స్పందన ఎంత ఉండాలన్న గుణకం) పెంచుకుంటూ పోతుంది. రోగం ఒకటైతే మందు ఇంకొకటన్నమాట. రెండో తప్పు సీజీ (గురుత్వ కేంద్రం) సవరణలో వస్తుంది. పట్టికలన్నీ సీజీ 35 శాతం కార్డ్ దగ్గర ఉందనుకుని కొలిచినవి. సీజీ జరిగితే పిచ్ మొమెంట్‌తో (ముక్కును తిప్పే బలంతో) పాటు యా మొమెంట్‌ను కూడా సవరించాలి, ఆ రెండో సవరణలో కార్డ్‌ను విస్తారంతో భాగించిన 0.377 గుణకం రావాలి. అది మరిచిపోతే తిన్నగా ఎగిరేటప్పుడు ఏమీ తెలియదు. పక్కకు జారుతూ ఎగిరినప్పుడే బయటపడుతుంది.

ప్రచురితమైన ట్రిమ్ చెక్ (సమతూకంలో ఎగిరేటప్పుడు రావాల్సిన అంకెల పరీక్ష) ఒకటి ఉంది. సముద్రమట్టం దగ్గర, సీజీ 35 శాతంలో, సెకనుకు 502 అడుగుల వేగంతో సమతలంగా ఎగిరితే ఆల్ఫా 2.12 డిగ్రీలు, ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించే తోక పలక) మైనస్ 0.76 డిగ్రీలు, థ్రాటల్ 0.1385 రావాలి. మూడూ కలవనంత వరకూ పైలట్ ఊసెత్తకూడదు. థ్రాటల్ ఒక్కటే తేడాగా ఉంటే డ్రాగ్‌లోనో (గాలి నిరోధంలోనో) ఇంజన్ పట్టికలోనో తప్పుంది. ఎలివేటర్ ఒక్కటే తేడాగా ఉంటే పిచ్ మొమెంట్ పట్టికలోనో సీజీ విలువలోనో తప్పుంది. అదే ఇంజన్ మోడల్‌లో థ్రాటల్ 0.77 దగ్గర మిలిటరీ పవర్ (ఆఫ్టర్‌బర్నర్ లేకుండా ఇచ్చే గరిష్ఠ శక్తి) ముగిసి ఆఫ్టర్‌బర్నర్ (అదనపు ఇంధనం మండించే దశ) మొదలవుతుంది. చేతిలో ఉన్న థ్రాటల్ పరికరంలో మెట్టు ఎక్కడ ఉందో కొలిచి ఈ 0.77కు సరిపెట్టాలి. లేకపోతే పైలట్ మిలిటరీ పవర్ అనుకున్నది ఆఫ్టర్‌బర్నర్ అవుతుంది, ఆ తర్వాత డ్రాగ్ గురించి ఆయన ఏం చెప్పినా పనికిరాదు.

ఎఫ్-16 పైలట్ స్టిక్‌తో నేరుగా తోకను కదపరు. స్టిక్ కంప్యూటర్‌ను ఇన్ని జీ (భూమి ఆకర్షణకు ఇన్ని రెట్లు) కావాలని అడుగుతుంది, తోకను ఎంత కదపాలో కంప్యూటర్ చూసుకుంటుంది. సీజీ 30 శాతం దగ్గర ఉంటే స్థిరంగా ఉండే ఈ విమానం 38 శాతానికి వెళ్తే అస్థిరమవుతుంది. ఆ రెంటి మధ్య దూరం 28 సెంటీమీటర్లు కూడా లేదు. కంప్యూటర్ దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి పైలట్‌కు ఆ తేడా దాదాపు తెలియదు. దీని పర్యవసానం పెద్దది. పైలట్ ముక్కు గురించి చేసే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కంట్రోల్ లా (కంప్యూటర్ పాటించే సూత్రాలు), యాక్చువేటర్ (తోకను కదిపే యంత్రం), స్టిక్, ఆలస్యం, ఈ నాలుగింట్లో ఏదో ఒకదానివి. ఏరోడైనమిక్ పట్టికను దోషిగా నిలబెట్టే ముందు ఈ నాలుగింటినీ తేల్చుకోవాలి. పైలట్ మాట విని పిచ్ మొమెంట్ పట్టికను చేత్తో దిద్దిన మోడల్‌ను ఆపై ఎవరూ బాగుచేయలేరు.

ఎవరిని అడగాలి, ఏం అడగకూడదు

స్క్వాడ్రన్ పైలట్, ఇన్‌స్ట్రక్టర్, రిపేరు తర్వాత విమానాన్ని పరీక్షించే ఫంక్షనల్ చెక్ పైలట్, ఈ ముగ్గురి జ్ఞాపకం మూడు రకాలు. స్క్వాడ్రన్ పైలట్‌కు ఫార్మేషన్, ల్యాండింగ్, పోరాటంలో చేతి కదలిక గుర్తుంటాయి. ఇన్‌స్ట్రక్టర్‌కు విద్యార్థులు ఎక్కడ తప్పు చేస్తారో గుర్తుంటుంది. మోడల్ ఆ తప్పులను శిక్షిస్తోందో లేదో ఆయనే చెప్పగలరు. చెక్ పైలట్‌కు అంకెలు గుర్తుంటాయి, ఎందుకంటే ఆయన పనే కార్డు చూసి అంకెలు నింపడం. ఒక్కరే దొరికితే మేం ఇన్‌స్ట్రక్టర్‌నే కోరుకుంటాం.

సెషన్‌కు ముందే ఒక కాగితం పంపాలి: మీరు నడిపింది ఏ బ్లాక్ (తయారీ రకం), ఏ ఇంజన్, మామూలుగా రెక్కల కింద ఏముండేది, ఎంత ఇంధనంతో, ఏ ఎత్తులో? ఇద్దరు పైలట్లు ఒకదానికొకటి విరుద్ధంగా చెబితే చాలాసార్లు ఈ కాగితమే తగువు తీరుస్తుంది. ఒకరు ఖాళీ రెక్కలతో క్యాట్ 1 స్విచ్‌లో ఎగిరినవారు, ఇంకొకరు బాంబుల బరువుతో క్యాట్ 3లో ఎగిరినవారు. క్యాట్ 3లో కంప్యూటర్ ఆల్ఫానూ రోల్‌నూ ముందే అడ్డుకుంటుంది. ఇద్దరూ నిజమే చెప్పారు.

రాడార్ పరిధి, ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలు, క్షిపణి పనితీరు గురించి అడగనే కూడదు. రిటైరైనా రహస్యం కాపాడే బాధ్యత వారికి పోదు. మాన్యువల్స్ విషయంలోనూ అంతే. 2019లో ఒక సిమ్యులేటర్ కంపెనీ ఉద్యోగి ఎఫ్-16 మాన్యువల్స్ కొని అమెరికా బయటకు తెప్పించుకోబోయిన కేసులో అక్కడి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మోడల్‌లో వాడిన ప్రతి సంఖ్య పక్కన అది ఏ బహిరంగ పత్రం నుంచి వచ్చిందో రాసి ఉంచాలి. పత్రం లేని సంఖ్యను తీసేయాలి, అది సరైనదని పైలట్ తల ఊపినా సరే.

సెషన్ నడిపే తీరు

మొదటి మూడు నిమిషాలు ఏమీ చెప్పకుండా ఎగరనివ్వాలి. ఆ మూడు నిమిషాల మాటలకే అన్నిటికన్నా విలువ ఎక్కువ. అనుభవజ్ఞుడైన పైలట్ ఎంత చెడ్డ మోడల్‌కైనా త్వరగా అలవాటు పడిపోతారు. అరగంట తర్వాత "ఇప్పుడు బాగుంది" అంటే మోడల్ బాగుపడిందని కాదు, ఆయన చెయ్యి సర్దుకుందని.

లాగ్‌లో స్టిక్, థ్రాటల్, ఆల్ఫా, జీ, రేట్లు, ఎలివేటర్, వేగం, ఎత్తు, ఇవన్నీ ఫిజిక్స్ నడిచే 120 హెర్ట్జ్ వేగంలోనే రాయాలి. మాట రికార్డు అదే గడియారంతో కలవాలి. తేడా అనిపించిన క్షణంలో ట్రిగ్గర్ నొక్కమని చెబితే లాగ్‌లో గుర్తు పడుతుంది. మనిషి గమనించి, నిర్ధారించుకుని, నొక్కేసరికి ఒకటి రెండు సెకన్లు గడుస్తాయి కాబట్టి గుర్తుకు ముందున్న ఐదు సెకన్లు చూడాలి.

"ఇది కరెక్టేనా?" అనే ప్రశ్న వద్దు, మర్యాదకు "అవును" వస్తుంది. "సర్, ఇక్కడ మీ ఎడమ చెయ్యి ఏం చేసేది?" అని అడగాలి. అంకె మరిచిపోయిన పైలట్ కూడా థ్రాటల్‌ను సరిగ్గా ఎంత వెనక్కి లాగేవారో చేసి చూపిస్తారు. ఆ కదలికను లాగ్‌లో చదువుకోవచ్చు.

మార్పు చేసిన ప్రతిసారీ పాతదీ కొత్తదీ పేర్లు చెప్పకుండా ఎగిరించాలి. మధ్యలో ఏ మార్పూ లేని జత కూడా ఒకటి పెట్టాలి. ఆ జతలోనూ తేడా కనబడిందంటే, ఆ పూట ఆ అంశం మీద తీర్పు తీసుకోకూడదు. రేటింగ్‌కు 1969 నుంచి వాడుకలో ఉన్న కూపర్-హార్పర్ స్కేలు సరిపోతుంది. 1 నుంచి 3 సంతృప్తికరం, 4 నుంచి 6 లోపాలున్నా పని జరుగుతుంది, 7 నుంచి 9 పెద్ద లోపాలు, 10 అంటే అదుపు తప్పుతుంది. అయితే పని హద్దులు ముందే రాయకుండా ఈ స్కేలు వాడితే అది వట్టి మార్కుల పట్టీ అవుతుంది. గన్ ట్రాకింగ్‌కైతే "300 మీటర్ల దూరంలోని లక్ష్యం మీద గురి 5 మిల్స్ దాటకుండా" అని రాయాలి. ఆ దూరంలో 5 మిల్స్ అంటే మీటరున్నర. అంత స్పష్టంగా ఉంటేనే రేటింగ్‌కు అర్థం.

మొదటి ఫిర్యాదు: ఫార్మేషన్‌లో ముక్కు ఊగడం

ఒంటరిగా ఎగిరితే బాగుంది. పక్క విమానం రెక్కకు దగ్గరగా చేరగానే ముక్కు పైకీ కిందికీ ఊగుతోంది. పైలట్ ఎంత దిద్దబోతే అంత పెరుగుతోంది. వినగానే పిచ్ గెయిన్ తగ్గించాలనిపిస్తుంది. తగ్గిస్తే ఊగడం సగం పోతుంది, కానీ గన్ ట్రాకింగ్‌లో విమానం మొద్దుబారిపోతుంది. ఒక పనిలో బాగుపడి ఇంకో పనిలో చెడితే గెయిన్ దోషి కాదని అక్కడే అర్థం చేసుకోవాలి.

ఆలస్యాన్ని కొలవడానికి ఫ్లైట్ మోడల్‌ను పక్కనపెట్టి, స్టిక్ కదిలితే తెర మీద తెల్ల చదరం కదిలేలా చిన్న టెస్ట్ మోడ్ రాయాలి. స్టిక్, తెర రెండూ కనబడేలా ఫోన్‌ను నిలబెట్టి సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీయాలి. స్టిక్‌ను వేలితో ఠక్కున కొట్టాలి. స్టిక్ కదిలిన ఫ్రేమ్ దగ్గర ఆపి, చదరం కదిలే దాకా ఒక్కో ఫ్రేమే ముందుకు జరుపుతూ లెక్కపెట్టాలి. ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లు. ఈ కేసులో 33 ఫ్రేములు, అంటే 137 మిల్లీసెకన్లు వచ్చింది. అమెరికా సైనిక ప్రమాణం మిల్-ఎఫ్-8785సి, అసలు విమానంలో స్టిక్ నుంచి స్పందన దాకా లెవెల్ 1కు (అత్యుత్తమ స్థాయికి) అనుమతించే ఆలస్యం 100 మిల్లీసెకన్లు. ఇక్కడ విమానం లెక్క మొదలు కాకముందే ఆ కోటా దాటిపోయింది. సెకనుకు ఒకసారి చొప్పున చిన్న దిద్దుబాట్లు చేసే చేతికి 137 మిల్లీసెకన్లంటే, ఒక పూర్తి ఊపును 360 డిగ్రీలనుకుంటే, 49 డిగ్రీల ఫేజ్ వెనకబాటు. ఆ పరిస్థితిలో ఏ పైలట్ చేతిలోనైనా విమానం ఊగుతుంది.

ఆలస్యం ఎక్కడెక్కడ పోగవుతోందంటే, స్టిక్ డ్రైవర్‌లో వణుకు కనబడకుండా పెట్టిన స్మూతింగ్ ఫిల్టర్ ఒకటి. గ్రాఫిక్స్ వరుసలో నిలబడే మూడు ఫ్రేములు ఇంకొకటి, 60 హెర్ట్జ్‌లో ఇదొక్కటే 50 మిల్లీసెకన్లు. యూఎస్‌బీ పోలింగ్ 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్ల దాకా. మిగతాది మానిటర్ సొంత ఇమేజ్ ప్రాసెసింగ్. ఫిల్టర్ తీసేసి, వరుసను ఒక ఫ్రేముకు కుదించి, పోలింగ్ 1,000 హెర్ట్జ్ చేసి, మానిటర్‌ను గేమ్ మోడ్‌లో పెడితే 15 ఫ్రేములకు, అంటే 63 మిల్లీసెకన్లకు దిగింది. గెయిన్ ముట్టుకోకుండానే ఊగడం పోయింది.

స్టిక్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అసలు ఎఫ్-16 స్టిక్ మొదట్లో అస్సలు కదిలేది కాదు, చేతి బలాన్ని మాత్రమే కొలిచేది. తర్వాత ఏ ఆరు మిల్లీమీటర్లో కదిలేలా చేశారు. స్ప్రింగ్ స్టిక్‌తో పరీక్షిస్తే పైలట్ అదనంగా దూరం లాగాల్సి వస్తుంది, ఆ ఫిర్యాదు మోడల్ ఖాతాలో పడుతుంది. ఫోర్స్ స్టిక్ దొరక్కపోతే కనీసం స్పందన వక్రరేఖను మధ్యలో మెత్తగా, చివర్లో నిటారుగా పెట్టి, ఫలితాల పక్కన "స్ప్రింగ్ స్టిక్" అని రాసుకోవాలి.

రెండో ఫిర్యాదు: "స్టిక్ వదిలేశాను, ముక్కు ఇంకా పైకే పోతోంది"

గట్టిగా లాగి ఒక్కసారిగా వదిలితే అర సెకను పాటు విమానం మాట వినడం లేదు. లాగ్‌లో ఎలివేటర్ గీత చూస్తే కారణం కళ్లకు కడుతుంది. ఈ మోడల్‌లో ఎలివేటర్ హద్దు 25 డిగ్రీలు, రేటు హద్దు సెకనుకు 60 డిగ్రీలు. లాగినప్పుడు యాక్చువేటర్ హద్దును తాకి ఆగిపోతుంది, కానీ కంట్రోల్ లాలోని ఇంటిగ్రేటర్ (తేడాను కూడుతూ పోయే భాగం) కావాల్సిన జీ రాలేదని పోగేసుకుంటూనే ఉంటుంది. స్టిక్ వదిలాక ఆ పోగంతా కరిగేదాకా ముక్కు దిగదు. యాక్చువేటర్ కోణం హద్దునో రేటు హద్దునో తాకిన క్షణం నుంచి ఇంటిగ్రేటర్‌ను ఆపాలి. కోణం హద్దుకు మాత్రమే ఆపి రేటు హద్దును వదిలేయడం చాలా చోట్ల కనబడే తప్పు. అలా చేస్తే నెమ్మదిగా లాగినప్పుడు బాగుంటుంది, ఠక్కున లాగినప్పుడు మళ్లీ మొదలవుతుంది.

దీనికి తోడు ఫిజిక్స్ అడుగు (లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే కాలం) ఎప్పుడూ స్థిరంగా ఉండాలి. గ్రాఫిక్స్ నెమ్మదించినప్పుడు అడుగు పెద్దదయ్యేలా రాస్తే, అస్థిరమైన ఈ విమానం పట్టణం మీదుగా ఎగిరినప్పుడు మాత్రమే వణుకుతుంది. పైలట్ దాన్ని గాలి అలజడి అనుకుని ఊరుకుంటారు, అందువల్ల ఈ లోపం ఏళ్ల తరబడి దాక్కోగలదు.

మూడో ఫిర్యాదు: టర్న్‌లో వేగం తగ్గడం లేదు

ఇది అన్నిటికన్నా సున్నితమైనది, ఎందుకంటే ముందు పైలట్ చెప్పిన అంకె ఏ వేగమో తేల్చాలి. కాక్‌పిట్‌లో చూసేది క్యాలిబ్రేటెడ్ వేగం (గాలి ఒత్తిడిని బట్టి చూపేది). 15,000 అడుగుల ఎత్తులో 350 నాట్లు చూపిస్తే అసలు వేగం సుమారు 430 నాట్లు. ఆ వేగంలో 5 జీ టర్న్ సెకనుకు 12 డిగ్రీలకు కాస్త పైన తిరుగుతుంది, సగం చుట్టుకు దాదాపు 14.5 సెకన్లు. 350నే అసలు వేగమనుకుని లెక్కకడితే 11.8 సెకన్లు వస్తుంది. దాదాపు మూడు సెకన్ల ఈ తేడాను డ్రాగ్ పట్టికలో వెతికితే ఎప్పటికీ దొరకదు.

వేగం సంగతి తేలాక కూడా ఫిర్యాదు నిలబడితే అప్పుడు డ్రాగ్ వైపు చూడాలి. విమానం బరువులో పదోవంతు డ్రాగ్ తక్కువ పడితే సెకనుకు దాదాపు 2 నాట్ల తేడా వస్తుంది. పది సెకన్ల టర్న్‌లో 19 నాట్లు, పైలట్ కన్ను తప్పక పట్టుకునేంత. ఈ కేసులో దోషం ముందు చెప్పిన ముందంచు ఫ్లాప్‌ది. అసలు విమానంలో ఇది ఆల్ఫానూ గాలి ఒత్తిడినీ బట్టి 25 డిగ్రీల దాకా దానంతట అదే దిగుతుంది, దిగడానికి కొంత సమయం తీసుకుంటుంది. కుదించిన పట్టికలు ఆ ఫ్లాప్ ఎప్పుడూ సరైన చోటే ఉందన్నట్టు ప్రవర్తిస్తాయి. అందుకే స్థిరమైన టర్న్‌లో తేడా తక్కువ, ఠక్కున లాగిన మొదటి క్షణాల్లో ఎక్కువ. పూర్తి పట్టికలకు మారి ఫ్లాప్‌ను దాని ఆలస్యంతో సహా చేర్చడమే దీనికి మందు. డ్రాగ్‌ను ఒక గుణకంతో పెంచితే ఈ ఒక్క టర్న్ సరిపోతుంది, కానీ సమతలంగా వేగం పుంజుకునే సమయం చెడిపోతుంది.

నాలుగో ఫిర్యాదు: ల్యాండయ్యాక ముక్కు తొందరగా వాలుతోంది

ఎఫ్-16 నేలను తాకాక ముక్కును 13 డిగ్రీల దగ్గర ఎత్తి పట్టి, శరీరాన్నే బ్రేకుగా వాడుతుంది. హడ్‌లో (పైలట్ కళ్ల ముందు గాజు మీద గుర్తులు చూపే పరికరంలో) ల్యాండింగ్ బ్రాకెట్ పై అంచు 11, మధ్య 13, కింది అంచు 15 డిగ్రీలు. 15 దాటితే తోక నేలకు రాసుకుంటుంది. వేగం 100 నాట్ల దాపుకు వచ్చాక ముక్కును దించుతారు. మోడల్‌లో అది అంతకు ముందే, స్టిక్ పూర్తిగా వెనక్కి ఉన్నా, వాలిపోతోంది.

చక్రాలు నేలమీదున్నప్పుడు విమానం సీజీ చుట్టూ కాదు, వెనక చక్రాల చుట్టూ తిరుగుతుంది. సీజీ ఆ చక్రాలకు ఎంత ముందుందో, ఆ దూరాన్ని బరువుతో గుణిస్తే ముక్కును దించే మొమెంట్ వస్తుంది. ముక్కును ఎత్తి పట్టే తోక మొమెంట్ వేగం వర్గంతో మారుతుంది. కాబట్టి ఆ దూరంలో 20 శాతం తప్పుంటే ముక్కు వాలే వేగంలో దాదాపు 10 శాతం తేడా, అంటే 100 బదులు 110 నాట్లు. త్రీడీ బొమ్మలో చక్రం ఎక్కడ గీశారో చూసి ఆ దూరం తీసుకోవడమే ఇక్కడి పొరపాటు. మొత్తం బరువుతో స్ట్రట్ (చక్రాన్ని మోసే కాలు) ఎంత కుంగుతుందో లెక్కలోకి తీసుకుని, కొలతలున్న బహిరంగ డ్రాయింగ్ నుంచి దూరం మళ్లీ రాయాలి. భూమికి దగ్గరగా ఎగిరేటప్పుడు రెక్క బలాలు మారే గ్రౌండ్ ఎఫెక్ట్, చక్రాల వల్ల వచ్చే గేర్ డ్రాగ్ కూడా కుదించిన పట్టికల్లో లేవు, వాటిని విడిగా చేర్చాలి. గేర్ దిగినప్పుడు స్పీడ్‌బ్రేక్ 60 డిగ్రీలకు బదులు 43 దగ్గరే ఆగాలి, లేకపోతే అది నేలను తాకుతుంది.

వేగం తెలియడం లేదన్న ఫిర్యాదు మాత్రం ఫిజిక్స్‌ది కాదు. 60 సెంటీమీటర్ల వెడల్పున్న తెరను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే కంటికి దక్కేది 53 డిగ్రీలు. దానిలో 90 డిగ్రీల దృశ్యం కుక్కితే ప్రపంచం చిన్నదై, నెమ్మదవుతుంది. ప్రతి తెరనూ దాని అసలు కోణంతో విడిగా గీయాలి. హడ్ గుర్తులు గాజు మీద అంటించినట్టు కాక అనంత దూరంలో ఉన్నట్టు గీయాలి, లేకుంటే తల కాస్త జరిగినా గురి జరుగుతుంది. జీ అనుభూతికి కుర్చీ కింద షేకర్, గాలి మోత, అంచుల నుంచి కమ్ముకునే మసక చాలు. అయితే మసక జీ పెరిగిన వెంటనే రాకూడదు. మెదడులో సుమారు ఐదు సెకన్లకు సరిపడా ఆక్సిజన్ నిల్వ ఉంటుంది కాబట్టి ఆ మేరకు ఆలస్యంగా రావాలి.

డీప్ స్టాల్ (ఎక్కువ ఆల్ఫాలో విమానం ఇరుక్కుని ముక్కు దిగని స్థితి) గురించి స్క్వాడ్రన్ పైలట్లను అడిగి లాభం లేదు, వారిలో ఎక్కువమంది అక్కడికి వెళ్లి ఉండరు. ఆల్ఫా 60 డిగ్రీల దగ్గర విమానం ఇరుక్కుపోవడం, మాన్యువల్ పిచ్ ఓవర్‌రైడ్ (కంప్యూటర్ హద్దును పక్కనపెట్టే స్విచ్) పట్టి ముక్కును ఊపుతూ బయటపడటం, ఇవి పూర్తి పట్టికలు పెడితే లెక్కల్లోంచే వస్తాయి. అక్కడ మాత్రం విండ్ టన్నెల్ మాటే వినాలి.

తీరిన ప్రతి ఫిర్యాదునూ ఆటోమేటిక్ టెస్టుగా రాసి ఉంచాలి. రికార్డయిన పైలట్ స్టిక్ కదలికనే మోడల్‌కు మళ్లీ పెట్టి, స్టిక్ వదిలాక పిచ్ రేటు గుర్తు మారే సమయం, సగం చుట్టులో పోయిన నాట్లు, ముక్కు వాలిన వేగం, ట్రిమ్ చెక్‌లోని మూడు అంకెలు హద్దుల్లో ఉన్నాయో లేదో ప్రతి బిల్డ్‌లోనూ చూడాలి. కొత్త ఆయుధమో కొత్త ఇంధన ట్యాంకో చేర్చిన రోజునే సీజీ సవరణ మళ్లీ తప్పుతుంది. దాన్ని ముందు టెస్టే పట్టుకోవాలి. పైలట్‌ను తర్వాతి సెషన్‌కు పిలవడం ఈ టెస్టులన్నీ పాసయ్యాకే.